ఎవరూ పిలవని పేరు

నిన్న పొద్దున్న వాన వెలిశాక పెరటి గోడ మీద చెయ్యి ఆనించాను. ఆరేయడానికి తెచ్చిన బట్టల బకెట్టు ఒక చేతిలో ఉంది. కాలు జారుతుందేమోనని రెండో చెయ్యి గోడకు వేశాను, అంతే. అరచేతి కింద నాచు తగిలింది. మెత్తగా, చల్లగా, తడిమట్టి వాసనతో. బరంపురంలో వానాకాలం వస్తే ఏ గోడైనా ఇలాగే ఉంటుంది. లంజిపల్లి పేటలో మా వీధి సంగతి చెప్పనే అక్కర్లేదు, అన్నీ ఎండ పడని సందులు. ఇంకెవరైనా అయితే చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతారు. నేను బకెట్టు కింద పెట్టి అక్కడే నిలబడిపోయాను. నాచు తగిలితే నాకు ఎలుగుబంటి గుర్తొస్తుంది, ఎలుగుబంటి గుర్తొస్తే మా మేష్టారు గుర్తొస్తారు. చెబితే ఎవరైనా నవ్వుతారు. మా ఇంట్లో వాళ్ళు మాత్రం నవ్వడం మానేసి చాలాకాలమైంది, నాతో వేగి వేగి అలవాటుపడిపోయారు.

మేష్టారంటే మల్లేశ్వరరావుగారు. కాలేజీలో నాకు వృక్షశాస్త్రం చెప్పారు, అంతకంటే ముందు మా పక్కింటాయన. మాది వ్యాపారుల ఇల్లు, తాతల నాటి నుంచీ పప్పుల హోల్‌సేలు. ఒడియాలో బేరాలాడి, తెలుగులో పోట్లాడుకునే జాతి మాది. ఆడపిల్లకి సైన్సు చదువేమిటని మా నాన్న పట్టుపడితే, గోడ అవతలి నుంచి ఆయనే అన్నారు: "పప్పు మాత్రం మొక్కకి కాయదేటి బాబూ? మీ యాపారానికే సదూతుందనుకోండి." నాన్న నవ్వేశారు, నా ఫీజు కట్టేశారు. మేష్టారిది సరిహద్దు దగ్గరి పల్లెలో రైతు కుటుంబం. క్లాసులో పుస్తకం తెలుగు, ఇంటికొస్తే ఊరి మాట. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడిచేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఏదో ఒక ఆకు వాడిపోతూ ఉండేది. ఉతికేటప్పుడు పిన్ని దాన్ని తీసి పారేసిందంటే ఆ పూట ఇంట్లో గొడవే. పిన్ని అంటే ఆయన భార్య రత్నాలమ్మ. వరసకు నాకేమీ కాదు, చిన్నప్పటి నుంచీ అలా పిలవడం అలవాటు.

ఆయనకు మొక్క కంటే మొక్క పేరు మీద మోజెక్కువ. శాస్త్రీయ నామం గడగడా అప్పజెబితే మార్కులు వేసేవారు గానీ మొహంలో సంతోషం కనిపించేది కాదు. "బాగుంది. మరి ఆ పేరు ఎవరు పెట్టారు? ఏం చూసి పెట్టారు?" అని అడిగేవారు. ఒకసారి మా క్లాసునంతా చమఖండి తీసుకెళ్ళారు. అక్కడ సముద్రం పక్క పొలాల గట్లన్నీ మొగలి పొదలే. పూలు కోసే కాలం, గాలి నిండా ఆ ఘాటు వాసన. మా చేతులు కాళ్ళు ముళ్ళు గీరుకుని మంటలు. అక్కడ పూలు కోసి గంపలో వేస్తున్న ముసలావిడను మేష్టారు అడిగారు, "అమ్మా, దీన్ని ఏటంతారు?"

"మొగిలి," అంది ఆవిడ. "మా అత్త గేదంగి అనీది. ఒడియావోలు కియా అంతారు. ఏటని పిలిస్తే ఏటి బాబూ, ముల్లు ముల్లే కాదేటి?"

మేష్టారు ఆ జవాబుకు ఎంత మురిసిపోయారో చెప్పలేను. అక్కడే గట్టు మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టారు. కేతకి అనే పాత మాట ఒకటి, మన నోట్లో నాని గేదంగి అయిందనీ, ఒడియా వాళ్ళ నోట్లో నాని కియా అయిందనీ, రెండూ ఒక తల్లి పిల్లలేననీ చెప్పారు. "మరి మొగలి సార్?" అని నేనడిగాను. ఆయన కాసేపు పొద వైపు చూసి, "అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలీదు సుగుణా. తెలీదని రాసుకోండి," అన్నారు. తెలీదని చెప్పడానికి సిగ్గుపడని మేష్టారిని నేను అంతవరకూ చూడలేదు. ఇప్పుడు ఛత్రపురంలో బడిపిల్లలకు సైన్సు చెబుతున్నాను, ఆ మాట నేనూ అనగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష.

ఇన్ని పేర్ల వెనక పడ్డ మనిషి ఇంట్లో ఆయన పేరు మాత్రం వినిపించేది కాదు. పిన్ని నోట మొగుడి పేరు రాదు. ఆ కాలపు ఆడవాళ్ళు చాలామంది అంతే, అందులో వింత లేదు. పిన్ని పట్టుదల ఇంకో నాలుగాకులు ఎక్కువ. ఆయన పేరులో మల్లె ఉందిగా, ఆవిడ మల్లెపూలని కూడా అనదు. బజారులో పూలమ్మి దగ్గర నిలబడి, "ఆ తెల్లవి మూర ఇయ్యి," అంటుంది. పోనీ ఒడియాలో అడుగుదామంటే అక్కడా అది మల్లీ ఫులే, తప్పించుకునే దారి లేదు. మళ్ళీ అనాల్సిన చోట "ఇంకోపాలి" అంటుంది. చిన్నప్పుడు మేం పిల్లలం కావాలని ఆవిడ చుట్టూ చేరి, "పిన్నీ, ఆ తెల్లపూల పేరేటి?" అని ఏడిపించేవాళ్ళం. ఆవిడ గరిట చూపించి తరిమేది. ఎందుకు పలకవని ఒకసారి నిజంగానే అడిగాను. "మొగుడి పేరు పెళ్ళాం పలికితే ఆయుస్సు తగ్గిపోద్దే," అంది, అన్నం ఉడికిందో లేదో చూసి చెప్పినంత మామూలుగా.

నేను చివరి సంవత్సరంలో ఉండగా ఫిన్లాండు నుంచి ఒకావిడ వచ్చింది. పేరు ఐలా. ఆవిడా మొక్కల పేర్ల మనిషే. మా తీరంలో మొగలి పొదలు చూడాలని వచ్చి, మేష్టారింట్లోనే దిగింది. తెల్లటి మనిషి, మొహమంతా చెమట, ఎంత కారం పెట్టినా వద్దనకుండా తిని కళ్ళు తుడుచుకునేది. పిన్నికి ఆవిడ మీద ఎంత జాలో. ఒక సాయంత్రం వాన ఆగాక అందరం పెరట్లో కూర్చున్నాం. ఐలా గోడ మీద నాచును వేళ్ళతో నిమురుతూ, వాళ్ళ అడవుల్లో ఇంతకంటే పొడుగ్గా, బిరుసుగా పెరిగే నాచు ఒకటి ఉందని చెప్పింది. దాని పేరు కర్హున్‌సమ్మల్. సమ్మల్ అంటే నాచు, కర్హు అంటే ఎలుగుబంటి. ఎలుగుబంటి నాచు అన్నమాట. మేష్టారు వెంటనే ముందుకు వంగారు. "ఎలుగుబంటిని కర్హు అని ఎందుకన్నారు?"

ఐలా నవ్వింది. ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టుంది. కర్హు దాని అసలు పేరు కాదట. గరుకు బొచ్చుది అని అర్థం వచ్చే మాట నుంచి పుట్టిన మారుపేరట. పూర్వం అడవిలో దాని సొంత పేరు పలికితే విని వచ్చేస్తుందని భయపడి, ఆ పేరు దాచేసి ఇలా మారుపేర్లు పెట్టుకున్నారట. పోను పోను మారుపేరే పేరైపోయి, మొక్కకి కూడా అంటుకుంది. మేష్టారు ఇదంతా తెలుగు చేసి పిన్నికి చెప్పారు. పిన్ని బియ్యం ఏరుతూ తలెత్తకుండా అంది: "అదేటి ఇంత? సీకటి పడితే మనం పాముని పురుగని అనమేటి? ఎలుగులు మన కొండల నుంచీ దిగుతాయి. మా ముసిలోలూ దాని పేరెత్తీవోరు కాదు."

మేష్టారు అది ఇంగ్లీషులో చెప్పగానే ఐలా కళ్ళు మెరిశాయి. పిన్ని వైపు తిరిగి, పరిచయం చేసుకుంటున్నట్టు, మీ ఆయన పేరేమిటని అడిగింది. అది తెలుగులో చెబుతూ నాకు నవ్వు ఆగలేదు. పిన్ని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూపించింది, నువ్వు చెప్పమని. నేను సంగతంతా వివరించాను. ఐలా నవ్వలేదు. "మా వాళ్ళు ఎలుగుకు భయపడ్డట్టు ఈవిడ ఆయనకు భయపడుతుందా?" అని అడిగింది. నేను తెలుగులో అడిగాను.

"బయమేటి? ఈయనకా?" అంది పిన్ని. మేష్టారు కూడా నవ్వేశారు. తరవాత చేట పక్కన పెట్టి నిదానంగా చెప్పింది: "ఆయన్ని సూసి బయం కాదే. ఆయనకేటన్నా అయిపోద్దని బయం." ఐలా అది విని తల ఊపింది. మేష్టారు ఆ చేటలోని బియ్యం వైపే చూస్తూ కూర్చున్నారు. భార్య మాట గురించి ఆయనంత సేపు ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత నా చదువైపోయింది, పెళ్ళయింది, మా వీధిలోనే ఇల్లు తీసుకున్నాం. మేష్టారు రిటైరయ్యారు. ఒక వేసవిలో స్నానాల గదిలో పడిపోయారు. పక్షవాతం. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడివైపు చచ్చుబడింది, మాట పోయింది. అన్నిటికంటే భరించలేనిది ఆయన చూపు. కళ్ళు తెరిచే ఉండేవి. ఏ పిలుపుకీ తిరిగేవి కావు. పైన తిరిగే ఫ్యాను వైపే చూస్తూ ఉండేవారు. గంజి నోట్లో పోస్తే పెదవి అంచు నుంచి కారిపోయేది. మనిషి ఇటు తిరగాలి, నోరు తెరవాలి, లేకపోతే ఒంట్లో ఉన్నది కూడా నిలవదని డాక్టరు మొహం మీదే చెప్పేశారు.

మాట నేర్పించడానికి ఒక ఒడియా అమ్మాయి ఇంటికి వచ్చేది. చిన్నపిల్ల, ఓపిక చాలా. మొదటి రోజే మా అందరితో, "నా ధరి డాకన్తు," అంది. పేరు పెట్టి పిలవండి అని. ఎవరికైనా చివరిదాకా మనసులో నిలిచేది సొంత పేరేనట, మిగతా మాటలు పోయినా అది తగిలే వీలుందట. దానికేం భాగ్యం అనుకున్నాం. అప్పుడు తెలిసింది మా బతుకు. నేను పిలవబోతే నోట్లోంచి మేష్టారూ అనే వచ్చింది. కూతురు ఉష నాన్నా అంది. ఆయన తమ్ముడు ఊరి నుంచి వచ్చి అన్నయ్యా అన్నాడు. వీధిలో వాళ్ళకి ఆయన సారు, బంధువులకి మావయ్య, బాబాయి, పెద్దనాన్న. తల్లీ తండ్రీ పోయి ఎంతో కాలమైంది, ఆయన కంటే పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. పేరు పెట్టి పిలిచే మనిషి ఆయనకు ఈ భూమ్మీద ఒక్కరు లేరు. మనలో పెద్దరికమంటే ఇదేనా అని నాకు ఒళ్ళు మండిపోయింది. పట్టుదలగా మంచం దగ్గర నిలబడి, "మల్లేశ్వరరావుగారూ," అన్నాను. క్లాసులో హాజరు పిలిచినట్టుంది. ఫ్యాను వైపే చూస్తున్నారు.

ఆ అమ్మాయి పిన్ని వైపు తిరిగింది. "మావుసీ, రోజూ మీ గొంతే కదా విన్నారు. మీరు పిలవండి." పిన్ని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనూ ఉషా వెనకే వెళ్ళాం.

"అమ్మా, ఈ రోజుల్లో కూడా ఏమిటమ్మా ఇది? పేరు పలికితే ప్రాణం పోతుందా?" అంది ఉష. కోపం కాదు పాపం, దానికి దిగులు.

పిన్ని పొయ్యి వైపే చూస్తూ అంది: "ఆయనకిప్పుడున్నదే కూసింత. దాంట్లోంచి నన్నే తీసీమంతారా?"

ఉష కళ్ళు తుడుచుకుని నాన్న దగ్గరికి వెళ్ళిపోయింది. అదంతా వట్టిదని చెప్పడానికి నాకు డిగ్రీలున్నాయి. కానీ ఆవిడ అడిగింది వట్టిదా నిజమా అని కాదు. ఆవిడకు అది నిజం. మొగుడిని వెనక్కి పిలవాలంటే మొగుడి ఆయుష్షులోంచే ఇవ్వాలి. పిలవకపోతే ఆ మిగిలింది కూడా ఇలా ఫ్యాను చూస్తూనే కరిగిపోతుంది. ఆ తర్వాత నాలుగైదు రోజులు ఆవిడ ఆ మంచం పక్క నుంచి కదల్లేదు. ఆయన ఒళ్ళు తుడిచేది, పక్క మార్చేది, గంజి పోసేది, కారిపోతే తుడిచేది. మొహం చూస్తే నాకు భయం వేసేది. ఆయన పోవడం కంటే ముందు ఈవిడ పోతుందేమో అనిపించేది.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తూ వాళ్ళింటికి వెళ్ళాను. ఉష మందులకు వెళ్ళింది. పిన్ని గంజి గిన్నె మంచం పక్కన పెట్టి, నన్ను చూసి, "అలగ గోడవార నిలబడవే," అంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపుకుంది. ఎప్పుడూ అలా కట్టగా చూడలేదు. మంచం దగ్గరికి వెళ్ళలేదు. వీధి గుమ్మం దాకా వెళ్ళి, గడప మీద నిలబడి, ఒక చెయ్యి ద్వారబంధానికి ఆనించి, లోపలికి తిరిగింది. పొలం గట్టు మీద ఉన్నవాళ్ళకి వినబడేలా గొంతెత్తింది.

"మల్లేసూ. ఒరే మల్లేసూ. కూడు సల్లారిపోతంది, రారా."

అది ఆవిడ గొంతు కాదు. మోటుగా, సాగదీసి, పల్లెటూరి ముసలమ్మ గొంతు. ఒకసారి పిలిచి ఊరుకోలేదు. అలా పిలుస్తూనే ఉంది. మంచం మీద మేష్టారి మెడ కదిలింది. చూపు ఫ్యాను మీంచి జారింది, గోడ మీదికి, తలుపు మీదికి, గడప మీద మనిషి దాకా నెమ్మదిగా వచ్చింది. పెదవులు అటూ ఇటూ పోయాయి. ఆటలో ఉన్న పిల్లాడు తల్లి కేకకు పలికినట్టు, "ఓయ్," అన్నారు.

పిన్ని అక్కడే గడప మీద కూలబడిపోయింది. నేను లేపబోతే చెయ్యి విదిలించింది. "ముందు గంజి పట్టవే, నోరు తెరిసినారు," అంది. పట్టాను. మింగారు. సగం ఆయన చొక్కా మీదే పోశాను. ఆ తర్వాత చాలాసేపటికి పిన్ని చెప్పింది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు రోజూ గుమ్మంలో అలాగే నిలబడి కొడుకును అన్నానికి పిలిచేదట. "నా నోటితో పలకడానికి నాకు రాలేదే. అత్త పిలిసినట్టు పిలిసినాను."

ఆ తర్వాత ఆయన ఏడాదికి పైగా ఉన్నారు. నీళ్ళు, వద్దు, బయటికి, ఇలాంటి మాటలు కొన్ని వచ్చాయి. మొక్కల పేర్లు ఒక్కటీ తిరిగి రాలేదు. నేను ఆకు తెచ్చి చేతిలో పెడితే వేళ్ళతో తడిమి, నవ్వి, తిరిగి ఇచ్చేసేవారు. అన్నం వేళకు పిన్ని గడప మీదికి వెళ్ళి పిలిచేది, ఆయన పలికేవారు. వీధిలో కొత్తగా దిగినవాళ్ళు, ఈ ఇంట్లో ఆవిడ మొగుణ్ణి రారా పోరా అంటుందని చెవులు కొరుక్కున్నారు కూడా. పిన్ని పట్టించుకోలేదు. అలా పిలిచి పిలిచి ఒక్కోసారి ఆయన ఆవిడను అమ్మా అనేవారు. అప్పుడు మాత్రం పిన్ని కాస్త మొహం తిప్పుకునేది. మళ్ళీ అంతలోనే తిరిగి ముద్ద కలిపేది. అది చూసిన రోజు నేను ఇంటికెళ్ళి ఏడ్చాను.

మేష్టారు నాకిచ్చినవి చాలా ఉన్నాయి. ప్రతి పేరు వెనకా ఎవరో మనిషి ఉంటాడని నమ్మడం, తెలియనిది తెలియదనడం, అన్నీ ఆయనవే. మూఢనమ్మకాల మీద పాఠం వచ్చినప్పుడు పిల్లలకు ఉన్నదున్నట్టు చెబుతాను, పేరుకూ ఆయుష్షుకూ సంబంధం లేదని కూడా చెబుతాను. ఎవరి నమ్మకాన్నీ వెక్కిరించనివ్వను. అది మాత్రం మేష్టారు నేర్పింది కాదు. ఆయన పెద్దకర్మ అయిన మర్నాడు పిన్ని దగ్గరికి వెళ్ళాను. చుట్టాలు వెళ్ళిపోయారు. ఆవిడ ఖాళీ మంచం పక్కన కింద కూర్చుని ఉంది. నన్ను చూడకుండానే అడిగింది.

"నాను పిలవబట్టే బేగి ఎల్లిపోనారంతావా?"

"కాదు పిన్నీ. నీ వల్ల కాదు. నువ్వు పిలవబట్టే అన్నాళ్ళున్నారు," అన్నాను. నిజంగా నమ్మే అన్నాను, ఇప్పటికీ నమ్ముతాను.

పిన్ని నా చెయ్యి పట్టుకుంది. నన్నే ఓదారుస్తున్నట్టు మెల్లగా నొక్కింది.

"నువ్వు సదువుకున్నదానివి, కాదనే అంతావు. నాకైతే అవుననే తోస్తది. ఆ రోజు గడప మీదికి ఎల్లినప్పుడూ అవుననే అనుకున్నాను. అనుకునే పిలిసినాను."